ఆవిడకి పొలమారేది

‘ఈ’ అనండమ్మా అంటే ఎవరైనా ‘ఈ’ అనే అంటారు. కొందరు సిగ్గుపడి సగంలో ఆపేస్తారు. కొందరు దగ్గుతారు. ఒకాయన పళ్ల డాక్టరు దగ్గరకొచ్చినట్టు నోరంతా తెరిచాడు. ఆవిడ మాత్రం పాట ఎత్తుకుంది.

నిన్న ఒక టీచరమ్మ మెడ మీద స్కానింగ్ ప్రోబ్ ఆనించి ‘ఈ’ అనమన్నాను. అంది. తెర మీద రెండు గీతలూ చక్కగా వచ్చి కలిశాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. టీచరమ్మ భయపడిపోయి "ఏమైనా ఉందా మేడమ్?" అని లేచి కూర్చుంది. మీకేం లేదమ్మా, నాకే ఉంది అనలేను కదా. ఏసీ గాలి పడట్లేదని ఏదో అబద్ధం చెప్పి పంపించాను. ఇంటికొచ్చాక కూడా మనసు కుదుటపడలేదు. అందుకే ఇది రాయడం.

నేను అనకాపల్లిలో స్కానింగ్ సెంటర్ నడుపుతున్న డాక్టర్ని. పొట్టలు, కిడ్నీలు, నెలలు నిండిన కడుపులు, మెడలు. పొద్దున్నించీ చీకటి గదిలో తెర ముందు కూర్చుంటాను. ఓపిక తక్కువ మనిషిని. "కదలకండి", "ఊపిరి బిగబట్టండి", "తర్వాత ఎవరు?" రోజు మొత్తం మీద నేను మాట్లాడేది ఇంతే. ఆవిడ రెండోసారి వచ్చినప్పుడే ఆ మాట మొహం మీద అనేసింది. అది తర్వాత చెబుతాను.

పేరు రాయను. ఆవిడ కూడా తన పేరు ఎప్పుడూ చెప్పుకునేది కాదు. ఫోన్ చేస్తే "మాకవరపాలెం అవతలండి, పాటలు పాడీదాన్ని" అనేది. అది చాలు అన్నట్టు ఆగేది. నిజంగానే చాలేది. యాభై దాటిన మనిషి. గవర్నమెంటు బడిలో మధ్యాహ్నం భోజనం వండేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. వాళ్ల పేటలో ఎవరు చనిపోయినా ముందు ఆవిడకే కబురు. శవపెట్టె తలవైపు నిలబడి, పెట్టె లేచేవరకూ పాడేది. భర్త తాపీ పని చేస్తాడు, పక్కన కూర్చుని డోలక్ వాయిస్తాడు. "ఏడవడానికి అందరూ ఉంటారండి, ఎవులో ఒకలు పాట పట్టుకోవాల కదా" అనేది. తను అక్కడ ఏడ్చేది కాదట. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఏడ్చేదట.

మొదటిసారి వచ్చినప్పుడు మెడకి ఎడమవైపు నిమ్మకాయంత గడ్డ ఉంది. థైరాయిడ్ గడ్డ. సూది పరీక్షలో అనుమానం వచ్చింది, తీసెయ్యాలన్నారు సర్జన్ గారు. ఆ గడ్డ వెనక నుంచే గొంతుకి పోయే నరం ఒకటుంటుంది. దారమంత సన్నం. ఆపరేషన్లో దానికి దెబ్బ తగిలితే ఆ వైపు స్వరతంత్రి కదలడం మానేస్తుంది. ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి తగులుతుంది. అందుకే ఆపరేషన్‌కి ముందొకసారి, తర్వాతొకసారి స్వరతంత్రులు చూసుకోవాలి. మామూలుగా అయితే ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపి చూస్తారు. ఆవిడ ఆ గొట్టాన్ని చూసి "ముక్కులోకి పాముని దూర్చీసినట్టు, ఇదేటి బాబూ" అని కుర్చీలోంచి లేచొచ్చేసిందట. సర్జన్ గారు నవ్వుతూ నాకు ఫోన్ చేసి, "మీ మిషన్‌తో పైనుంచి చూసి చెప్పండి" అన్నారు. వయసు మళ్లిన మగవాళ్లకైతే గొంతు ముందరి భాగం ఎముకలా గట్టిపడి లోపలిది కనపడనివ్వదు. ఆడవాళ్లకి చాలావరకు బాగానే కనిపిస్తుంది.

మంచం మీద పడుకోబెట్టి, మెడ మధ్యలో జెల్లు రాసి, ప్రోబ్ అడ్డంగా పెట్టాను. తెర మీద రెండు తెల్లటి గీతలు, గుడిసె కప్పులాగ. అవే స్వరతంత్రులు. ఊపిరి పీలిస్తే విడిపోతాయి, గొంతు పలికితే కలుస్తాయి.

"ఈ అనండమ్మా, సాగదీసి."

"ఒట్టి ఈ ఏటండి, ఒకటో తరగతి పిల్లకి అచ్చరాలు సెప్పినట్టు" అంటూ పాట ఎత్తుకుంది.

గట్టిగా కాదు. మెడ కదలకూడదని చెప్పాను కనక, సన్నగా, కింది స్థాయిలో. అది ఏ పాటో నాకు తెలియదు. బయట జనం కూర్చుని ఉన్నారు, నేను కసరాల్సింది. కసరలేదు. తెర వైపు చూస్తూ ఉండిపోయాను. ఆ రెండు గీతలూ కలుస్తున్నాయి, వణుకుతున్నాయి, ఊపిరి కోసం ఠక్కున విడిపోయి మళ్లీ కలుస్తున్నాయి. ఇన్నేళ్ల సర్వీసులో లివరు చూసి ముచ్చటపడింది లేదు, కిడ్నీ చూసి మురిసింది లేదు. ఆ పూట మాత్రం మిషన్లో క్లిప్ నిడివి పెంచి, ఆ పాటంతా దాచాను.

తెర ఆవిడ వైపు తిప్పి చూపించాను.

"ఇదేనేటి నా పాట?" అంది. చాలాసేపు చూసింది. "రెండు తలుపులు తీసి ఏత్తన్నట్టున్నాది. ఇంతేనేటండి? ఇంతోటి దానికేనా ఊరంతా నన్ను పిలిసీది?"

జెల్లు తుడుచుకోడానికి టిష్యూ ఇస్తే తీసుకోలేదు. కొంగుతో తుడుచుకుంది. ప్రతిసారీ అంతే. "కాయితం కరుసు ఎందుకండి" అని. లేచి కూర్చుని, ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"డాట్రమ్మా, ఒక్క మాట. గొంతుకేటీ అవదని మీరు సెప్తే సేయించుకుంతాను. నేకపోతే ఈ గడ్డ ఇలాగే ఉండనీండి. గొంతు పోయింతర్వాత నాను ఉండి ఏటి సేత్తాను?"

"రెండూ బ్రహ్మాండంగా కదులుతున్నాయి. ఏం కాదమ్మా, చేయించుకోండి."

మొదటి మాట నేను చూసినది. రెండో మాట నాది కాదు, సర్జన్ గారు కూడా చెప్పలేనిది. బయట జనం ఎక్కువున్నారని, ఆవిడ మొహం చూడలేకపోయానని, నోటికొచ్చేసింది. ఆవిడ దాన్ని పట్టుకుని ఆపరేషన్‌కి వెళ్లిపోయింది.

ఆపరేషన్ అయిన వారానికి వచ్చినప్పుడు నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. గడ్డ నరానికి అతుక్కుపోయి ఉందట. సర్జన్ గారు నరం తెగకుండానే విడదీశారు, కానీ అది దెబ్బతింది. ప్రోబ్ పెట్టాను. కుడి తలుపు వేస్తోంది, తీస్తోంది. ఎడమది నిలబడిపోయింది. కొన్ని నెలల్లో తిరిగి రావచ్చు, కనిపెట్టుకుని ఉందాం అన్నారు సర్జన్ గారు. ఆవిడ మాత్రం ఏడవలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఉండబట్టలేక బయట గోల చేస్తున్నవాళ్ల మీద అరిచాను. అప్పుడు నా చెవి దగ్గరకొచ్చి గుసగుసగా అంది:

"మీకు మంచి గొంతున్నాది డాట్రమ్మా. కసురుకోడానికే వాడేత్తన్నారు."

ఆ దెబ్బకి ఆ పూటంతా ఎవర్నీ కసరలేదు.

మూడు వారాలకోసారి వచ్చేది. రాగానే గుసగుసగానే "బువ్వ తిన్నారేటి?" అని అడిగేది. వాళ్ల పక్క పొలంలో బెల్లం వండుతారట, కాగితంలో చుట్టి ఒక ముక్క తెచ్చేది. మనుషుల్ని గొంతులతో గుర్తుపెట్టుకునేది. కౌంటర్లో కూర్చునే ఆయనది ముక్కు గొంతు, మంచోడు. పక్క షాపాయనది తేనె గొంతు, నమ్మకండి. ఇవన్నీ గాలి మాటలతో చెబుతూ ఉంటే నేను వంగి, చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టి వినేదాన్ని. మా అమ్మ తర్వాత నేను ఎవరి నోటి దగ్గరా అలా చెవి పెట్టలేదు.

ఇంకొకటి ఉంది. నీళ్లు తాగితే ఆవిడకి పొలమారేది. టీ తాగినా పొలమారేది. దగ్గి, దగ్గి, కళ్లమ్మట నీళ్లు పెట్టుకుని, దగ్గుల మధ్యలోనే పేర్లు చెప్పేది. "నాతవరంలో మా సెల్లి... కాదు... మా మరిదిగోరి కూతురు... అదీ కాదు." ఎవరి పేరు దగ్గర దగ్గు ఆగితే వాళ్లు తలుచుకుంటున్నట్టు లెక్క. "ఈయేల ఎంతమంది తలుసుకుంటన్నారో నన్ను" అని తడిసిన కళ్లతో నవ్వేది. వాళ్లాయన నెత్తి మీద తట్టేవాడు. ఆయన వెంట రాని రోజున నేనే తట్టాను.

నేను. డాక్టర్ని. ఒక తలుపు మూసుకోకపోతే నీళ్లు ఊపిరితిత్తుల దారి పడతాయని చదువుకున్నదాన్ని. నెత్తి మీద తట్టి, "ఎవరో గట్టిగానే తలుచుకుంటున్నారమ్మా" అన్నాను.

అది ఐదోసారి వచ్చినప్పుడు. ఆ రోజు ఆవిడ ఎందుకో కుదురుగా లేదు. ముందటి వారం వాళ్ల పేటలో ఒక ముసలావిడ పోయిందట. అలవాటు ప్రకారం వీళ్లింటికే కబురొచ్చింది. గొంతు లేదని అందరికీ తెలుసు, అయినా పిలవకుండా ఉండలేకపోయారు. ఈవిడ వెళ్లకుండా ఉండలేకపోయింది.

"ఎప్పట్లాగే తలకాడ నిల్సున్నానండి. ఆయన డోలక్ మీద సెయ్యేసేరు. నాను పెదాలు కదిపేను. జనం నా పెదాలు సూసి పాడేరండి. అందరూ పాడేరు. నాకే ఇనపడ్నాది, నా గొంతు అందులో నేదని."

అంతవరకూ ఆవిడ కళ్లలో నేను నీళ్లు చూసింది పొలమారినప్పుడే. ఆ రోజు ఊరికే వచ్చాయి. కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుని మంచం ఎక్కి పడుకుంది. నేను ప్రోబ్ పెట్టాను. ఏదో ఒకటి కనిపించాలి దేవుడా అనుకుంటూ పెట్టాను. అలా అనుకుంటూ ఎప్పుడూ పెట్టకూడదు.

"ఈ అనండమ్మా."

గాలి వచ్చింది. తెర మీద ఎడమ గీత కదిలింది.

ఇంకోసారి అనమన్నాను. మళ్లీ కదిలింది. కొంచెమే, కానీ కదిలింది. తెర ఆవిడ వైపు తిప్పాను.

"కదులుతోందమ్మా! ఎడమ తలుపు కూడా కదులుతోంది. వచ్చేస్తోంది మీ గొంతు."

ఆవిడ నా రెండు చేతులూ తీసుకుని, జెల్లు అంటిన ఆ చేతుల్ని కళ్లకద్దుకుంది.

రిపోర్టులో కూడా అదే రాశాను. అప్పటికి సర్జన్ గారు ఆవిడని విశాఖపట్నం పంపించాలనుకుంటున్నారు. కదలని స్వరతంత్రికి సూదిమందు వేసి లావు చేసి మధ్యకి జరిపితే, రెండోది వచ్చి దాన్ని అందుకుంటుంది. మాట మెరుగవుతుంది, పొలమారడం తగ్గుతుంది. నా రిపోర్టు చూసి, దానంతట అదే వస్తున్నప్పుడు ఇప్పుడెందుకు, రెండు నెలలు ఆగుదాం అన్నారు. ఆవిడా సంతోషంగా ఒప్పుకుంది.

తర్వాత మూడు వారాలకి రావాల్సింది, రాలేదు. ఇంకో వారం చూశాను. పని ఎక్కువై మర్చిపోయాను. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

పోయిన నెల వాళ్లాయన ఒక్కడే వచ్చాడు. మధ్యాహ్నం, జనం పలచబడ్డాక. చేతిలో మా సెంటర్ కవరు, ఆవిడ రిపోర్టులన్నీ అందులోనే. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అమ్మ రాలేదేం అని అడిగాను.

"ఆవిడ నేదండి. జొరమొచ్చింది. దగ్గుకి మందేసేం. తర్వాత ఊపిరందలేదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము సేరిపోనాదన్నారు. పది దినాలున్నాం ఆసుపత్రిలో. పోనాదండి. నెలైపోనాది."

కూర్చోమన్నాను. కూర్చున్నాడు.

"డాట్రమ్మా, ఆవిడ గొంతు మీ మిషన్లో ఉన్నాదని సెప్పీది. మొదట్లో వచ్చినప్పుడు పాడేనని. నా ఫోన్లో ఆవిడ పాటొకటీ నేదండి. మనిసి ఎదరగుంటే పాట ఫోన్లో పట్టుకోవాలని ఎవులికి తోస్తాది? ఒక్కసారి ఇనిపిత్తారేమో అని వచ్చేను."

ఈ మిషన్ పనిచేసేది శబ్దంతోనే, కానీ అది మనిషి చెవికి అందని శబ్దం. మనిషి గొంతుని అది వినదు. బొమ్మ మాత్రమే ఉంది బాబూ, పాట లేదు అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. అయినా "సూపించండి" అన్నాడు.

మొదటి క్లిప్ పెట్టాను. చీకటి గదిలో నలుపు మీద తెల్లగా ఆ రెండు గీతలు. కలిశాయి, వణికాయి, విడిపోయాయి. ఎక్కడా చప్పుడు లేదు. ఆయన తెర దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు. సిమెంటుకి పగిలిన వేళ్లు నా టేబుల్ అంచు మీద పెట్టాడు. గీతలు విడిపోయిన ప్రతిచోటా తల చిన్నగా ఊపాడు. ఇంకాసేపటికి వేళ్లు కదిలాయి. టేబుల్ మీద తాళం. గీతలు కలిసే క్షణానికీ ఆయన వేలు తగిలే క్షణానికీ వెంట్రుకవాసి తేడా లేదు. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ ఊపిరిని బట్టి వాయించిన మనిషి. ఆ ఊపిరిని పట్టుకుని పాట ఏదో కనుక్కున్నాడు. పెదాలు కదులుతున్నాయి. బయటికి పాడలేదు. క్లిప్ అయిపోయాక కూడా కాసేపు వేళ్లు ఆగలేదు.

"ఇంకోటేదో ఉన్నాదట కదండి. మీరు తలుపు కదుల్తందన్న దినానిది. ఆ దినం ఇంటికొచ్చి పండగ సేసింది. గొంతు వచ్చీసినట్టే, కిర్‌స్మస్‌కి పాడతానని కొత్త సీర కూడా తీసి ఉంచుకుంది."

అది కూడా పెట్టాను. పెట్టకుండా ఎలా ఉంటాను. ‘ఈ’ అన్నచోట ఎడమ గీత కదిలింది. ఆయన తెర వైపు అలాగే చూస్తున్నాడు. ఊపిరి పీల్చినచోటు వచ్చింది. మళ్లీ ‘ఈ’. మళ్లీ ఊపిరి.

"ఊపిరికాడ ఒక తలుపే తెరుసుకుంటన్నాదేటండి?" అన్నాడు.

నెమ్మది చేసి చూశాను. ఒక్కో బొమ్మా ఆపి చూశాను. నిజమే. ‘ఈ’ అన్నప్పుడు కుడిది తన హద్దు దాటి వచ్చి ఎడమదాన్ని నెడుతోంది. నెట్టినప్పుడు ఎడమది జరుగుతోంది. కదలడం అది కాదు. ప్రాణం ఉన్న తంత్రి ఊపిరి పీల్చినప్పుడు తనంతట తాను పక్కకి తొలగాలి. నేను ఆ రోజు ‘ఈ’ అన్నచోటే చూశాను, ఊపిరి దగ్గర చూడలేదు. చదువుకున్న సంగతే. విద్యార్థులు వస్తే నేనే చెప్పే సంగతి. ఆవిడ ఏడుస్తోందని, కనిపించాలని కోరుకుని, కనిపించిందనుకున్నాను. తాపీ పని చేసుకునే మనిషి ఒక్కసారి చూసి పట్టుకున్నాడు.

చెప్పేశాను ఆయనకి. అంతా చెప్పాను. అది కదల్లేదు, నేను తప్పు చూశాను. నేను సరిగ్గా చూసి ఉంటే విశాఖపట్నం పంపించేవాళ్లు, పొలమారడం తగ్గేది. పొలమారిన నీళ్లే నెమ్ముకి దారి అయి ఉండొచ్చు. నెత్తి మీద తట్టి ఎవరో తలుచుకుంటున్నారని చెప్పింది నేనే. వినే కొద్దీ ఆయన తల వంగిపోయింది. నన్ను తిట్టమని మనసులో బతిమాలుకున్నాను. తిట్టలేదు. పోనీలెండి అని కూడా అనలేదు.

"ముందుది ఇంకోపాలి ఎయ్యండి" అన్నాడు.

వేశాను. ఈసారి వేళ్లు కదపలేదు, ఊరికే చూశాడు. అయిపోయాక లేచాడు. ఎండలో అంత దూరం వెళ్లాలి కదా అని గ్లాసుతో నీళ్లు ఇచ్చాను. ఆయన నిలబడే తాగాడు. చాలా నెమ్మదిగా, గుక్క గుక్కకీ ఆగి, దేనికోసమో కనిపెట్టుకుని ఉన్నట్టు తాగాడు. చివరి గుక్క దిగాక కూడా గ్లాసు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.

"నెల దినాలుగా సూత్తన్నానండి" అన్నాడు గ్లాసు టేబుల్ మీద పెడుతూ. "నాకు ఒక్కసారి కూడా పొలమార్లేదు. ఆవిడ నన్ను తలుసుకోట్లేదేటో."